ముప్పావు సినిమాలు

పద్దెనిమిదేళ్ళు నిండేదాకా నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. అయినా అప్పటికి నాకు యాభై సినిమాల కథలు వచ్చు. ఏ పాట ఎక్కడొస్తుందో, ఎవరు ఏ రంగు చీర కట్టుకుని ఏడ్చారో, ఎవరు ఎవరిని ఎంత మాటన్నారో అన్నీ తెలుసు. రంగులన్నాను గానీ, వాటిలో చాలా సినిమాలకు రంగులే లేవని తర్వాతెప్పుడో తెలిసింది. నాకు చెప్పినామె వాటికి రంగులు కూడా వేసి చెప్పింది.

అవి డెబ్భైల మొదటి సంవత్సరాలు. మాది తిరువూరు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. సినిమా పాపమని ఆయన ఏనాడూ అనలేదు. "మనింట్లో ఆ అలవాటు లేదమ్మా" అనేవారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. అలవాటు లేదంటే ఏమని వాదిస్తాం?

ఎస్సెస్సెల్సీ పాసై, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఖాళీగా ఎందుకని అమ్మ నన్ను మహిళా మండలికి కుట్టు నేర్చుకోవడానికి పంపింది. అక్కడ మూడు మిషన్లు, ఎనిమిది మంది ఆడవాళ్ళం. మిషను ఖాళీ అయ్యేదాకా చాప మీద కూర్చుని కాజాలు కుట్టుకోవాలి. చేతులకు పనుండేది, నోళ్ళు ఖాళీ. ఊళ్ళో హాల్లో శని, ఆదివారాలు మ్యాట్నీ ఆడేది కనక, సోమవారం వచ్చిందంటే మా దగ్గర సినిమా కబుర్లే.

ఒక్కొక్కరు ఒక్కో సినిమా చూసొచ్చారా అనిపించేది. అందరూ చూసింది ఒకటే. మాకు కుట్టు నేర్పే టీచరమ్మ విస్సన్నపేట నుంచి బస్సులో వచ్చేది. ఆవిడ కళ్ళకు మెడలూ చేతులే కనపడేవి. ఒక సినిమాలో హీరోయిన్ నూతిలో దూకేటప్పుడు మోచేతుల దాకా ఉన్న జాకెట్టు తొడుక్కుందనీ, పైకి తీసేసరికి దాని చేతులు పొట్టివయ్యాయనీ కనిపెట్టింది ఆవిడే. ఆ నూతి దగ్గర ఏడ్చినవాళ్ళంతా కాస్త సిగ్గుపడ్డారు. ఆస్పత్రిలో ఆయాగా చేసే ఒకావిడ సెలవు రోజుల్లో వచ్చేది. సినిమాలో ఎవరైనా పోతే అది ఏ జబ్బో తేల్చడం ఆవిడ పని. అన్నేసి మాటలు మాట్లాడి చనిపోయే జబ్బు తన సర్వీసులో ఒక్కటీ తగల్లేదనేది.

కానీ కథ చెప్పాలంటే మాత్రం అక్కే చెప్పాలి. ఆమె మా దొడ్డి గోడకు అవతలి ఇంటి కోడలు, కుట్టుకు నాతోపాటే వచ్చేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు పెనుగొలను. నాలుగో తరగతితో బడి మానేసింది. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళది వ్యవసాయం. భర్తా మామగారూ పొద్దుననగా పొలం వెళితే చీకటి పడేముందు వచ్చేవారు. ఇంటి పనులు జరిగిపోతున్నంతవరకు శనివారం మ్యాట్నీకి వాళ్ళెవరూ అడ్డు చెప్పేవారు కాదు.

ఆమె కథ మొదలుపెట్టే తీరే వేరు. "ముందు నాకు నచ్చిన ముక్క చెబుతా, తర్వాత కథ" అనేది. ఆ ముక్క ఎప్పుడూ పెద్ద డైలాగు గానీ, పాట గానీ అయ్యేది కాదు. ఒక సినిమాలో విలను పదిమందిని చావగొట్టి వెళ్ళిపోతూ, జారిపోయిన చెప్పు కోసం వెనక్కొచ్చి వెతుక్కున్నాడట. ఇంకోదాంట్లో తల్లి కొడుకు చొక్కా ఉతకబోతూ జేబులో బస్సు టికెట్టు చూసి, అది పాతదని తెలిసినా ఆరేశాక మళ్ళీ ఆ జేబులోనే పెట్టిందట. అలాంటివి విన్నప్పుడు నా చేతిలో సూది ఆగిపోయేది. అంత పెద్ద తెర మీద ఆమెకు అంత చిన్నవి ఎలా కనపడుతున్నాయా అనుకునేదాన్ని.

ఆమె చెప్పే ప్రతి సినిమా చివర అందరూ అన్నానికి కూర్చునేవాళ్ళు. విడిపోయిన అన్నదమ్ములైనా, తప్పిపోయిన భార్య అయినా, జైలు నుంచి వచ్చిన తండ్రి అయినా, ఆఖరికి ఒక వరసలో కూర్చునేవాళ్ళు. ఎవరో ఒకరు వడ్డించేవాళ్ళు. ఏం కూరో కూడా చెప్పేది. మా ప్రార్థనలన్నీ ఆమెన్‌తో ముగిసినట్టు, సినిమాలన్నీ అన్నంతో ముగుస్తాయని నేను నమ్మాను.

ఆ ఏడు వానలు పడ్డాక ఒక రైలు గేటు సినిమా వచ్చింది. మా ఊరికి రైలు లేదు. చూడాలంటే మధిర దాకా పోవాలి. అందుకని ఆ సినిమా రెండు వారాలాడింది. కథ అక్క చెబితే విన్నాం. ఎక్కడో చేల మధ్య ఒక గేటు కాపలాదారు ఒంటరిగా ఉంటాడు. జాతరలో తప్పిపోయిన మూడేళ్ళ పిల్ల అతనికి దొరుకుతుంది. ఎవరూ రాకపోయేసరికి తనే పెంచుతాడు. పదేళ్ళకు కన్నతల్లి వెతుక్కుంటూ వస్తుంది. అక్కడిదాకా చెప్పి అక్క ఒక్క నిమిషం ఆగింది. తర్వాత, ఆ తల్లి గేటు గది వాకిట్లో కూలబడిందనీ, అతను దోసకాయ పప్పు వండి ముగ్గురికీ వడ్డించాడనీ, ఆ తల్లి ఆ ఊళ్ళోనే ఇల్లు తీసుకుని ఉండిపోయిందనీ, వచ్చేపోయే రైళ్ళకు ఆ పిల్ల జెండా ఊపుతుంటే అయిపోయిందనీ చెప్పింది. విన్నవాళ్ళలో కొందరం కళ్ళు తుడుచుకున్నాం.

పది రోజుల తర్వాత, పిల్లలకు చూపించదగ్గదని మా హెడ్మాస్టారు ఆ సినిమానే ఎంచి, బడి మొత్తానికి పొద్దుటి పూట ఒక ప్రత్యేక ఆట ఏర్పాటు చేశారు. మాస్టర్లంతా వెంట వెళ్ళాలి. ఆడపిల్లల్ని చూసుకోవలసిన టీచరు కాన్పు సెలవులో ఉంది. ముందు రోజు నాన్నగారు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని నాతో అన్నారు.

"నువ్వు కూడా రావాలమ్మా. ఆడపిల్లల్ని లెక్కపెట్టి కూర్చోబెట్టాలి."

అలా నేనూ నాన్నగారూ ఒకేరోజు మొదటి సినిమా చూశాం.

హాల్లో తలుపులు మూశాక, వెనక గోడలో చిన్న కంతలోంచి వెలుగు వచ్చి మా తలల మీదుగా తెర దాకా వెళ్ళింది. ఆ వెలుగులో దుమ్ము ఆడుతుంటే అదే సినిమా అనుకుని కాసేపు దాన్నే చూశాను. తర్వాత గోడంత మొహాలు. కథ ముందే తెలుసు కనక, నా పనల్లా అక్క చెప్పింది చెప్పినట్టు ఉందా లేదా అని చూసుకోవడం. ఉంది. లాంతరు ఉంది. గుమ్మానికి వేలాడే ఎర్ర జెండా, పచ్చ జెండా ఉన్నాయి. నలుపూ తెలుపూ సినిమా కనక ఏది ఎరుపో నాకు నేనే నిర్ణయించుకున్నాను. పక్కనున్న పిల్లలకు తర్వాత ఏం జరుగుతుందో గుసగుసగా చెప్పాను కూడా. ఇప్పుడు తల్లి వస్తుంది అన్నాను. వచ్చింది. ఇప్పుడు వాకిట్లో కూలబడుతుంది అన్నాను.

ఆమె కూలబడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుంది. బట్టల మూట కట్టారు. మర్నాడు స్టేషన్లో ఇద్దరూ రైలెక్కారు. అతను ఎప్పటిలాగే గేటు వేసి, ఆ రైలుకు పచ్చ జెండా ఊపాడు. రైలు వెళ్ళిపోయింది. గేటు తీశాడు. ఒక ఎద్దుబండి దాటింది. అంతే, అయిపోయింది.

పిల్లలు నా వంక చూశారు. నాకు ఏడుపు రాలేదు. ఇది వేరే సినిమానా, లేక ఊరికొక రకంగా తీస్తారా అని ఆలోచిస్తున్నాను.

ఇంటికి నేనూ నాన్నగారూ కలిసే నడిచాం. చర్చి మలుపు దగ్గర, ఆ పిల్ల పలక మీద పదమూడు ఆర్లు డెబ్భై ఆరని వేసిందనీ, అన్ని లక్షలు పోసి తీసినవాళ్ళలో ఒక్కరూ దిద్దలేదనీ అన్నారు. ఇంకాస్త దూరం వెళ్ళాక, అతను అలా ఏడుస్తూ జెండా ఊపితే డ్రైవరుకు సరిగ్గా కనపడిందో లేదోనని భయం వేసిందన్నారు. నేను విన్న కథలో పిల్ల వెళ్ళలేదండీ అని చెప్పాను. ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అని వివరంగా అడిగి తెలుసుకున్నారు. దోసకాయ పప్పు దగ్గర నవ్వారు. "అదీ న్యాయంగానే ఉంది" అన్నారు.

మధ్యాహ్నం దొడ్డి గోడ దాటి వెళ్ళాను. అక్క గేదె ముందు గడ్డి వేస్తోంది.

"అక్కా, ఆ రైలు సినిమాలో పిల్ల వెళ్ళిపోయింది" అన్నాను.

ఆమె గడ్డి కింద పెట్టేసింది. "ఎక్కడికి?"

"వాళ్ళమ్మతో. రైలెక్కి."

"మరి అతను?"

"ఆ రైలుకు పచ్చ జెండా ఊపాడు."

"అతనే ఊపాడా?" అని అడిగి, కుడితి గోలెం అంచు మీద కూర్చుండిపోయింది. నేను పట్టుకుందామనుకున్న అబద్ధం అక్కడ లేదు. ఆమెకు నిజంగా తెలియదు.

అప్పుడు చెప్పింది. పెళ్ళయి వచ్చాక ఆమె ఏ సినిమా చివరిదాకా చూడలేదట. మ్యాట్నీ రెండున్నరకు మొదలైతే అయిదున్నరకు గానీ వదలరు. పాల కేంద్రం వ్యాను ఆరింటికి వచ్చి పోతుంది. ఆ గేదె ఆమె చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు. అత్తగారి చేతులు వణుకుతాయి. కాబట్టి అయిదు కాకుండా లేచి వచ్చేయాలి. గడియారం లేకుండా అయిదవుతోందని ఎలా తెలుస్తుందని అడిగాను. పడమటి తలుపు కింద నుంచి పడే ఎండ మూడో బెంచీ కాళ్ళ దాకా వస్తే లేస్తుందట. మబ్బు పట్టిన రోజుల్లో భయపడి ఇంకా ముందే వచ్చేస్తుందట. హాలు నుంచి ఇంటికి నడిచే దూరంలో మిగతా కథ తనే పూర్తి చేసుకునేది.

"అందరూ అన్నానికే ఎందుకు కూర్చుంటారక్కా?"

ఆమె కాస్త సిగ్గుపడింది. "సినిమాల్లో ఎవర్నీ కడుపునిండా తిననివ్వరమ్మాయ్, చూశావా? విస్తట్లో చెయ్యి పెట్టగానే ఎవరో వచ్చి ఏదో చెబుతారు. లేచిపోతారు. నాకది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని ఆఖర్న కూర్చోబెట్టేదాన్ని."

మర్నాడు కుట్టు దగ్గర టీచరమ్మను పక్కకు పిలిచి, మీరు ఆ సినిమాలు ఆఖరిదాకా చూశారు కదా, అక్క తప్పు చెబుతుంటే ఎందుకు ఊరుకున్నారని అడిగాను. మొదట్లో ఒకటి రెండుసార్లు దిద్దుదామనుకుందట. తర్వాత్తర్వాత, ఈ సినిమా ఈవిడ చేతిలో ఎట్లా ముగుస్తుందా అని తనకే వినాలనిపించిందట. మిగతావాళ్ళూ అంతే. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

నాకు ఒకటే అనిపించింది. ఇంత చక్కగా చూసే మనిషి ఒక్కసారైనా ఆఖరిదాకా చూడాలి. చూస్తే ఆమెకు అక్కడ ఏం కనపడుతుందో నాకు తెలియాలి. పాలు నేను పితుకుతానన్నాను. అక్క నవ్వింది. నావి చాక్‌పీసులు పట్టుకోవలసిన చేతులంది. మా ఇంట్లో కోడిపిల్ల కూడా లేదు. అయినా గోడ దాటి రోజూ సాయంత్రం వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి రోజు గేదె కాలు విసిరితే గిన్నె గోడకు తగిలింది. రెండో రోజు నా వంక తిరిగి చూసి, చేపిన పాలు కూడా బిగబట్టేసింది. నా వేళ్ళు నొప్పి పుట్టి సూది పట్టుకోవడం కష్టమైంది. అక్క వద్దులే అనేది. మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న వాళ్ళత్తగారు, ఆవిడను నేను మామ్మగారూ అనేదాన్ని, అయిదో రోజున అంది.

"దానికి మొహాలు తెలీవే పిల్లా. వాసన తెలుసు. మా కోడలు విడిచిన చీర కట్టుకుని కూర్చో."

అక్క చీర కట్టుకున్నాను. దూడను వదిలి, లాగి కట్టి, పొదుగు కడిగి, అక్క అనే మాటలే అంటూ కూర్చున్నాను. గేదె తల తిప్పి ఒకసారి వాసన చూసింది. నెమరు వేయడం మొదలుపెట్టింది. కాసేపటికి నా వేళ్ళ మధ్య పొదుగు మెత్తబడింది. మొదటి ధార గిన్నెలో చప్పుడు చేస్తే మామ్మగారు మంచం మీద నుంచి "ఆఁ" అంది. ఇంకో వారం రోజులు అక్క పక్కనుండగా పితికాను. తర్వాత ఆమె కనపడకుండా గోడ వెనక నిలబడితే పితికాను. అమ్మ నా చీర వాసనకు ముక్కు మూసుకునేది. నాన్నగారు మాత్రం, ఇవాళ ఎన్ని సేర్లు ఇచ్చిందని అడిగేవారు.

ఆ శనివారం అక్క మ్యాట్నీకి వెళ్ళింది. వెళ్ళేముందు రెండుసార్లు వెనక్కి వచ్చి కుండలో నీళ్ళున్నాయా, తాడు గట్టిగా ఉందా అని చూసింది. అయిదింటికి నేను గేదె కింద కూర్చున్నాను. ఎండ మూడో బెంచీ దాకా వచ్చి ఉంటుంది, ఆమె లేచి వచ్చేస్తుందేమో అని వీధి వైపే చెవులు పెట్టాను. రాలేదు. పాలు రోజూకన్నా పావుసేరు తక్కువయ్యాయి గానీ వ్యాను రాకముందే కేంద్రానికి చేర్చాను. ఆరు కావస్తుండగా ఆమె మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఎలా ఉందని అడిగాను. సోమవారం చెబుతానంది.

సోమవారం మిషన్లు మూడూ ఆగాయి. ఆమె ఎప్పటిలాగే నచ్చిన ముక్కతో మొదలుపెట్టింది.

"అయిపోయాక అందరూ లేచి నిలబడ్డారు."

పోవడానికి లేచారనుకుందట. తనూ లేచింది. ఎవరూ కదల్లేదు. హాలుకు ఎవరో పెద్దమనిషి వచ్చాడేమోనని వెనక్కి చూసింది. మళ్ళీ తెర వైపు తిరిగితే జెండా ఎగురుతోంది, జనగణమన వస్తోంది. నేల మీద కూర్చున్నవాళ్ళు, బెంచీలవాళ్ళు, కుర్చీలవాళ్ళు అందరూ ఒకేలా చేతులు కిందికి పెట్టుకుని నిలబడ్డారు. ఒకతను కండువా భుజాన వేసుకోబోతూ అలాగే చేత్తో పట్టుకుని ఆగిపోయాడట. పదమూడేళ్ళుగా సినిమాలు చూస్తున్నాను, ప్రతి సినిమా చివరా ఇలా జరుగుతోందని నాకు తెలియదు అంది. మాకెవరికీ అది చెప్పవలసిన సంగతిగా ఎన్నడూ తోచలేదు. నేను బడి పిల్లలతో చూసినప్పుడూ జనగణమన వేశారు. బళ్ళో రోజూ ఉండేదే కదా అనుకున్నాను.

"అంతమంది గొంతులు వినపడ్డాయి. పాడేవాళ్ళను మాత్రం ఒక్కర్నీ చూపించలేదు. వాళ్ళెవరంటావు?" అని నన్నడిగింది. నాకు తెలియదు. సాయంత్రం నాన్నగారిని అడిగితే ఆయనకూ తెలియదు.

ఆ తర్వాత కథ చెప్పింది. ఇద్దరు పడవవాళ్ళు ఒక రేవు కోసం పోట్లాడుకుంటారు. ఆఖరికి కలిసిపోయి పిల్లలకు పెళ్ళి చేస్తారు. ఇది సుఖంగా అయిన సినిమానే కదా, నీకు నచ్చి ఉంటుందని ఆస్పత్రి ఆయమ్మ అంది. అక్క తల అడ్డంగా ఊపింది.

"విస్తళ్ళు వేశారు. నీళ్ళు చల్లారు. అందరూ ఒకచోట నిలబడి నవ్వారు. శుభం అని పడింది. ఎవరూ కూర్చోలేదు."

టీచరమ్మ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మరి నువ్వైతే ఏం చేసేదానివో చెప్పమంది. అక్క అక్కడికక్కడే వాళ్ళను కూర్చోబెట్టింది. ఆ పడవవాళ్ళిద్దరినీ పక్కపక్కన కాదు, ఎదురెదురుగా. వడ్డించేవాళ్ళు ఎవరికి ఎక్కువ వేస్తున్నారో చూసుకుంటూ ఉంటారు, అంత పాత పగ ఒక్కరోజులో పోదు అంది. దాని మీద అరగంట వాదన నడిచింది. ఆ రోజు నుంచి మాకు ప్రతి సినిమాకూ రెండు ముగింపులు. కొన్నాళ్ళకు ఆయమ్మ కూడా ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె ముగింపుల్లో రోగులందరూ మూడో రోజుకు లేచి తిరిగేవారు.

ఎండాకాలం వచ్చేసరికి గేదె వట్టిపోయింది. మళ్ళీ ఈనేదాకా పాలు లేవు, పితికే పని లేదు. ఆ నాలుగు నెలలూ అక్క వచ్చిన ప్రతి సినిమా చివరిదాకా చూసింది. నాకు ట్రైనింగులో సీటు వచ్చినట్టు కార్డు వచ్చింది. వెళ్ళేలోగా ఒక్కసారి అక్కతో మ్యాట్నీకి వెళ్ళొస్తానని నాన్నగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, వెళ్ళు, వచ్చాక నాకు కథ చెప్పాలి అన్నారు.

ఆడవాళ్ళ బెంచీలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. ఒక జమీందారు ఇంటి కథ. బయటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. నాలుగడుగులు వేశామో లేదో, అక్క నాకు ఆ సినిమా చెప్పడం మొదలుపెట్టింది. నేను ఇప్పుడే చూశాను కదా అనబోయి ఊరుకున్నాను. ఆ ఇంట్లో ఒక ముసలి నౌకరు ఉన్నాడట. జమీందారు కూతురు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంటే అందరూ ఆమె వెనక పరుగెత్తారు. అతనొక్కడే, ఆమె దాటివెళ్ళిన గుమ్మం దగ్గర ఆగి, జారిపడ్డ మల్లెపూలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడట. నాకు ఆ పరుగు గుర్తుంది. ఆ ఏడుపులు గుర్తున్నాయి. గుమ్మం గుర్తుంది. నౌకరు లేడు.

"అది ఎప్పుడొచ్చిందక్కా? నేను చూడలేదే" అన్నాను.

"అందరూ అటు చూస్తున్నప్పుడు, ఈ చివర్న" అంది అక్క, గాలిలో తెర మూలను వేలితో చూపిస్తూ.